హైకోర్టు "ఈ భూమి నీదే" అని చెప్పదు.. మరి ఏం చెప్తుంది? తెల్లకాగితం మీద కొన్న భూమి కథ

మాది కట్టంగూర్. అరవై ఐదో నంబర్ హైవే మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ రాకముందు వచ్చే ఊరు. నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇట్లా వీడియోలు చేస్తున్నా. చట్టం సబ్జెక్టు వచ్చినప్పుడల్లా ముందే చెప్తా, నేను లాయర్‌ని కాదు. చట్టం ఎట్లా పని చేస్తదో అర్థమయ్యేట్టు చెప్పడం నా పని. మీ కేసులో ఏం చేయాలో మీ లాయర్ చెప్పాలి.

ఈ ఎపిసోడ్ టాపిక్ హైకోర్టు. బోర్ అనుకుని స్కిప్ చేయకండి. మీ ఇంట్లో ట్రంకుపెట్టెలో, ప్లాస్టిక్ కవర్‌లో మడిచిపెట్టిన ఒక పాత కాగితం ఉంటే, దాని మీద మీ తాత వేలిముద్రో నాయన సంతకమో ఉంటే, ఈ ఎపిసోడ్ మీ కోసమే.

ఊర్లల్ల ఒక మాట ఎప్పుడూ వినిపిస్తది. "తహసీల్దార్ దగ్గర పని కాలే, హైకోర్టుకే పోదాం, అక్కడ తేలిపోతది." నిజంగా తేలుతదా? చాలాసార్లు తేలదు. ఎందుకంటే హైకోర్టు ముందు మామూలుగా ఉండే ప్రశ్న "భూమి ఎవరిది" అని కాదు. అక్కడ రెండు ప్రశ్నలు ఉంటాయి. ఆ అధికారికి ఆ పని చేసే పవర్ చట్టంలో ఉందా? ఉంటే, పద్ధతి ప్రకారం చేశాడా? ఈ రెండు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి. భూమి కేసైనా, పన్ను కేసైనా, పోలీసు కేసైనా ఎక్కువగా ఇవే తిరుగుతుంటాయి.

కోడింగ్ చేసేవాళ్లకు ఇంకో రకంగా చెప్తా. హైకోర్టు డేటాబేస్‌లోకి పోయి మీ పేరు టైప్ చేయదు. ఆ ఎంట్రీ మార్చినవాడికి పర్మిషన్ ఉందా, లాగిన్ సరైనదేనా, రూల్ ప్రకారం మార్చాడా అని చూస్తది. తప్పుంటే ఆ మార్పు కొట్టేసి, మళ్లీ సరిగా చెయ్యమంటది.

తెల్లకాగితం అంటే ఏంటి

మన దగ్గర దీన్ని సాదా బైనామా అంటరు. బైనామా అంటే అమ్మకం పత్రం. సాదా అంటే ఉత్తది, రిజిస్ట్రేషన్ లేనిది. తెల్లకాగితం మీదనో, చిన్న స్టాంపు కాగితం మీదనో రాసుకునేవాళ్లు. ఫలానా సర్వే నంబర్‌లో ఇన్ని ఎకరాల ఇన్ని గుంటలు, ఇంత రొక్కం ముట్టింది, భూమి స్వాధీనం చేసిన. కింద అమ్మినాయన వేలిముద్ర, ఇద్దరు ముగ్గురు సాక్షులు, రాసినాయన దస్తఖత్తు. అయిపోయింది.

ఇప్పుడు మనకు ఇది నిర్లక్ష్యం లాగ అనిపిస్తది. కానీ అప్పట్లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోవాలంటే ఒక రోజు కూలి పోతది, స్టాంపు ఖర్చు, రాయించే ఖర్చు. ఎకరం వేలల్లో ఉన్న రోజులు. అమ్మినోడు, కొన్నోడు ఇద్దరూ ఒకే ఊరోళ్లు. పెద్దమనుషుల ముందు మాట అయితే చాలనుకున్నరు. బిడ్డ పెళ్లికి ఒకరు అమ్మితే, పత్తి పైసలతో ఇంకొకరు కొన్నరు.

చట్టం మాత్రం ఈ నమ్మకాన్ని లెక్కలోకి తీసుకోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం కలిపి చూస్తే, 100 రూపాయలు, అంతకంటే ఎక్కువ విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ చేయాల్సిందే. చేయకపోతే హక్కు మారినట్టు కాదు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా కలిపి చేసుకునే అమ్మకాలతో హక్కు బదిలీ కాదు, రిజిస్టర్ అయిన సేల్ డీడ్‌తోనే అవుతది అని.

అంటే ఏమైంది? ముప్పై ఏళ్ల నుంచి దున్నుతున్నది ఒకరు. రికార్డులో పట్టాదారు ఇంకొకరు. పాత పహాణీల్లో అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది. అందులో దున్నేవాళ్ల పేరు అన్నా కనబడేది. ధరణి వచ్చాక ఆ కాలమ్ కూడా పోయింది.

పేరు లేకపోతే పోయేదేంటి? లెక్క చూడండి. రైతుభరోసా ఇప్పుడు ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. రెండెకరాలంటే 24,000. అది పాస్‌బుక్‌లో పేరున్నాయన ఖాతాలో పడతది, అంటే ఎప్పుడో అమ్మేసినాయన ఖాతాలో. రైతుబీమా ఇంకా పెద్దది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు వస్తాయి. కానీ పాస్‌బుక్ ఉండాలి. పొలంలో కరెంటు షాక్ తగిలి ఒక పెద్దాయన పోయిండనుకోండి, ఆయన కొన్నది తెల్లకాగితం మీద అయితే ఆ ఇంటికి ఆ 5 లక్షలు రావు. అందుకే ఇది పాత కాగితాల ముచ్చట అని తీసేసేది కాదు.

2020లో ఏం జరిగింది

ఇట్లాంటి కొనుగోళ్లను సరిచేసే దారి మన చట్టంలో ముందు నుంచీ ఉంది. 1971 నాటి పట్టాదారు పాస్‌బుక్కుల చట్టంలో 5-ఎ అనే సెక్షన్. తహసీల్దార్ విచారణ చేసి, నిజమే అనిపిస్తే 13-బి సర్టిఫికెట్ ఇస్తాడు. తెలంగాణ వచ్చాక 2016లో ఒకసారి, గ్రామాల్లో ఐదెకరాల వరకు, 2014 జూన్ 2కి ముందు జరిగిన కొనుగోళ్లకు స్టాంపు డ్యూటీ లేకుండానే ఈ అవకాశం ఇచ్చారు. చాలామందికి అయింది, చాలామందికి కాలేదు.

2020 అక్టోబర్ 12న ప్రభుత్వం మళ్లీ ఇంకో అవకాశం ఇచ్చింది. మొదట అక్టోబర్ నెలాఖరు వరకు, తర్వాత నవంబర్ 10 వరకు గడువు. మీసేవ సెంటర్ల ముందు లైన్లు ఎట్లా ఉండేవో మీలో చాలామందికి గుర్తుండే ఉంటది. మొత్తం సుమారు 9 లక్షల దరఖాస్తులు వచ్చాయి.

ఇక్కడ తేదీలు జాగ్రత్తగా చూడండి. మధ్యలో, 2020 అక్టోబర్ 29న, కొత్త పాస్‌బుక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. ధరణి మొదలైంది కూడా అదే రోజు. కొత్త చట్టం వస్తూనే 1971 చట్టం రద్దయింది. దాంతోపాటు 5-ఎ పోయింది. కొత్త చట్టంలో సాదా బైనామాలను సరిచేసే సెక్షన్ ఒక్కటి కూడా లేదు.

అంటే అక్టోబర్ 29 తర్వాత కూడా ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంటున్నది, కానీ వాటి మీద ఆర్డర్ ఇచ్చే అధికారం తహసీల్దార్‌కి ఏ చట్టం కిందా లేదు. ఫంక్షన్ డిలీట్ చేసేసి, స్క్రీన్ మీద బటన్ మాత్రం అట్లనే ఉంచినట్టు.

దీని మీద ఒక రైతు ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2020 నవంబర్ 11న అప్పటి చీఫ్ జస్టిస్ రాఘవేంద్ర సింగ్ చౌహాన్ ఉన్న బెంచ్ ప్రభుత్వాన్ని అడిగింది ఇదే. రద్దయిన చట్టం కింద దరఖాస్తులు ఎట్లా తీసుకుంటరు? కోర్టుకు ప్రభుత్వం ఇచ్చిన లెక్క ప్రకారం అక్టోబర్ 29కి ముందు వచ్చినవి సుమారు 2.26 లక్షలు. ఆ తర్వాత వచ్చినవి సుమారు 6.74 లక్షలు. అక్టోబర్ 29 తర్వాత వచ్చినవాటిని పరిశీలించొద్దని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ముందు వచ్చినవాటి మీద తీసుకునే నిర్ణయాలు కూడా తుది తీర్పుకు లోబడి ఉంటాయన్నది.

ఈ ఉత్తర్వు వచ్చాక మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన మాట ఏంటి? "హైకోర్టు సాదా బైనామాలు చెల్లవన్నది" అని. కోర్టు అట్లా అనలేదు. మీ కాగితం దొంగది అని అనలేదు, మీరు భూమి కొనలేదని అనలేదు. ఆఫీసర్‌కి పవర్ లేదు అన్నది, అంతే. మొదటి ప్రశ్న గుర్తుందిగా, అధికారికి పవర్ ఉందా? లేదు. అక్కడే ఆగిపోయింది.

కోర్టు ఏ పక్షానికీ అన్యాయం చేయాలని ఇట్లా ఆపలేదు. పవర్ లేని ఆఫీసర్ ఇచ్చిన సర్టిఫికెట్ తీసుకుని మీరు బ్యాంకు లోన్ తెచ్చుకున్నారనుకోండి. ఐదేళ్ల తర్వాత అమ్మినాయన మనవడు కోర్టుకు పోతే ఆ సర్టిఫికెట్ ఒక్క వాయిదాలో పోతది. పునాది లేని ఇంటికి పర్మిషన్ ఇచ్చినట్టు అయ్యేది. కానీ ఆ ఆపడం ఐదేళ్లు నడిచింది. ఆ ఐదేళ్లలో ఎంతమంది సాక్షులు పోయారో, హైవే పక్కన భూమి రేటు ఎంత పెరిగిందో మన కళ్ల ముందే ఉంది. రేటు పెరిగితే అమ్మినాయన పిల్లలకు పాత మాట గుర్తుండదు.

2025లో తాళం ఎట్లా తెరుచుకుంది

2024 డిసెంబర్‌లో అసెంబ్లీ భూభారతి చట్టం పాస్ చేసింది. 2025 ఏప్రిల్ 14 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఈ చట్టంలో ఆరో సెక్షన్ సాదా బైనామాల గురించే. 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకు ఇది వర్తిస్తుంది. 2014 జూన్ 2కి ముందు కొని ఉండాలి. పన్నెండేళ్లుగా భూమి వాళ్ల అనుభవంలో ఉండాలి. విచారణ చేసేది ఇప్పుడు తహసీల్దార్ కాదు, ఆర్డీవో. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుని సర్టిఫికెట్ ఇస్తారు.

ఇప్పుడు కోర్టు ముందు పరిస్థితి మారింది. 2020లో "పవర్ లేదు" అన్నది. 2025లో పవర్ ఇచ్చే చట్టం వచ్చింది. కాబట్టి 2025 ఆగస్టులో చీఫ్ జస్టిస్ అపరేశ్ కుమార్ సింగ్ బెంచ్ ఆ వ్యాజ్యాన్ని ముగించింది, స్టే తొలగింది. సెప్టెంబర్‌లో ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది.

గమనించండి. అవే కాగితాలు, అవే భూములు, అదే హైకోర్టు. 2020లో ఆపింది, 2025లో వదిలింది. జడ్జీలు మనసు మార్చుకోలేదు, మధ్యలో చట్టం మారింది.

ఇంకో విషయం. స్టే పోయింది అంటే మీ పని అయిపోయినట్టు కాదు. ఇప్పుడు రెండో ప్రశ్న మొదలవుతది, పద్ధతి పాటించారా అని. ఆర్డీవో నోటీసు ఇవ్వాలి, రికార్డులో పేరున్నవాళ్ల మాట వినాలి, పొలం మీద విచారణ చేయాలి, కారణాలు రాసి ఆర్డర్ ఇవ్వాలి. మీకు అనుకూలంగా వచ్చినా సరే, అవతలి వాళ్లకు నోటీసు పోకుండా వచ్చిన ఆర్డర్ నిలబడదు. "మాకు తొందరగా చేయించండి, వాళ్లకు చెప్పకండి" అని ఎవరన్నా మధ్యవర్తి చెప్తే, ఆయన మీకు సాయం చేయట్లేదు. రేపు కొట్టేయడానికి రెడీగా ఉన్న ఆర్డర్ అమ్ముతున్నాడు.

ఆర్డీవో ఆర్డర్ నచ్చకపోతే నేరుగా హైకోర్టుకు పరుగెత్తొద్దు. కలెక్టర్ దగ్గర అప్పీలు ఉంది. ఆ తర్వాత ల్యాండ్ ట్రిబ్యునల్‌కి దారి ఉంది. చట్టంలో అప్పీలు దారి ఉంటే హైకోర్టు మామూలుగా "ముందు అక్కడికి పోండి" అంటది. దీనికి మినహాయింపులు 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాథమిక హక్కు దెబ్బతిన్నప్పుడు, మీ మాట వినకుండా ఆర్డర్ ఇచ్చినప్పుడు, అధికారికి అసలు పవర్ లేనప్పుడు, చట్టమే చెల్లదని మీరు సవాల్ చేస్తున్నప్పుడు నేరుగా పోవచ్చు. మళ్లీ మన రెండు ప్రశ్నలే వచ్చాయి చూడండి.

"పరిశీలించండి" అంటే "ఇచ్చేయండి" కాదు

ఎక్కువమంది పైసలు పోగొట్టుకునేది ఈ పాయింట్ దగ్గరే, కాబట్టి నెమ్మదిగా వినండి.

హైకోర్టులో రిట్ వేస్తారు. నెల రోజుల్లో ఆర్డర్ వస్తది. ఊర్లో స్వీట్లు పంచుతారు. ఆర్డర్ చదివితే ఏముంటది? "పిటిషనర్ ఇచ్చిన వినతిపత్రాన్ని నాలుగు వారాల్లో చట్టప్రకారం పరిశీలించి నిర్ణయం తీసుకోవాలి." ఇది గెలుపా? సగం గెలుపు. ఫైలు తొక్కిపెట్టిన ఆఫీసర్ ఇప్పుడు కదలాలి. కానీ పరిశీలించి "కుదరదు" అని రాసినా ఆయన కోర్టు మాట విన్నట్టే. "పరిశీలించండి" వేరు, "ఇవ్వండి" వేరు.

ఇంకొన్ని మాటలు. "మధ్యంతర ఉత్తర్వు" అంటే కేసు నడిచేదాకా ఏర్పాటు, తీర్పు కాదు. "స్టేటస్ కో" అంటే ఎక్కడివాళ్లు అక్కడ ఉండండి. దున్నేవాళ్లు దున్నుతనే ఉండొచ్చా లేదా అనేది ఆర్డర్‌లో రాసిన మాటల మీద ఆధారపడి ఉంటది, అందుకే మొత్తం చదవాలి. "డిస్పోజ్డ్" అంటే కేసు ముగిసింది, గెలిచారని కాదు. "రిమాండ్" అంటే సివిల్ కేసుల్లో జైలు కాదు, మళ్లీ విచారించమని కింది అధికారికో కోర్టుకో వెనక్కి పంపడం.

మరి భూమి ఎవరిదో తేల్చేది ఎవరు? సివిల్ కోర్టు. అక్కడ సాక్షులను పిలుస్తరు, వేలిముద్రను నిపుణులకు పంపిస్తరు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉంటది. రికార్డులో పేరు ఎక్కడం కూడా హక్కుకు తుది రుజువు కాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. మ్యుటేషన్ అనేది ప్రధానంగా శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలిసేందుకు పెట్టిన ఏర్పాటు. పోర్టల్‌లో మీ పేరు పచ్చగా కనబడుతున్నా కాగితాలు దాచుకోవాలనేది అందుకే.

హైకోర్టు సాక్ష్యాలు అసలే చూడదా అంటే, చూసే సందర్భాలు ఉన్నాయి. సివిల్ కేసులో మొదటి అప్పీలు హైకోర్టుకే వస్తే చూస్తది. సెషన్స్ కోర్టు శిక్ష వేసిన క్రిమినల్ కేసు అప్పీలులో చూస్తది. కానీ రెండో అప్పీలుకు వచ్చేసరికి, చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉంటేనే వింటది. "మా సాక్షి మాట నమ్మలేదు" అంటే సరిపోదు.

ఇదే కాగితం, పన్ను శాఖ కళ్లతో

ఇప్పటిదాకా భూమి. ఇదే కాగితానికి పన్ను కోణం ఒకటి ఉంది.

మొదటిది స్టాంపు డ్యూటీ. మీ సాదా బైనామాను కోర్టులో చూపిస్తే జడ్జి మొదట చూసేది స్టాంపు సరిపోయిందా అని. సరిపోకపోతే 1899 స్టాంపు చట్టం ప్రకారం తక్కువైన డ్యూటీ, దానికి పదింతల దాకా పెనాల్టీ కడితేనే ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకుంటరు. ఉదాహరణకు తక్కువైన డ్యూటీ 6,000 అనుకుందాం. పెనాల్టీ 60,000 దాకా పోవచ్చు, మొత్తం 66,000. తాత మిగిల్చిన రిజిస్ట్రేషన్ ఖర్చు మనవడు పదకొండు రెట్లు కట్టాల్సి వస్తది. ఆరో సెక్షన్ దారి ఎంత విలువైనదో ఇక్కడ అర్థమవుతది.

రెండోది ఆదాయపు పన్ను. రేపు ఆ భూమి మీ పేరు మీదికి వచ్చి, హైవే పక్కన మంచి రేటుకు అమ్మారనుకోండి. పన్ను పడతదా? గ్రామీణ వ్యవసాయ భూమి అయితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. గ్రామీణం అంటే ఎట్లా లెక్క? మున్సిపాలిటీ జనాభా 10,000 దాటి లక్ష లోపు ఉంటే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్ల అవతల ఉండాలి. లక్ష నుంచి 10 లక్షల వరకు ఉంటే 6 కిలోమీటర్లు. 10 లక్షలు దాటితే 8. దూరం రోడ్డు మీద కొలవరు, కాకి ఎగిరినట్టు నేరుగా కొలుస్తారు. 2013 బడ్జెట్ సవరణకు ముందు రోడ్డు దూరమా, నేరు దూరమా అని దేశమంతా కోర్టుల్లో కొట్లాట నడిచింది. చట్టంలో ఒక మాట స్పష్టంగా లేకపోతే ఎన్ని కేసులో చూడండి.

ఆదాయపు పన్ను గొడవ కూడా నేరుగా హైకోర్టుకు పోదు. మొదట శాఖలోనే అప్పీలు, తర్వాత ట్రిబ్యునల్, ఆ తర్వాతే హైకోర్టు. అక్కడ కూడా చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉండాలి. మీ ఖాతాలో ఎంత పడింది అని రూపాయలు లెక్కపెట్టే పని ట్రిబ్యునల్‌తోనే అయిపోతది.

పెద్ద కంపెనీలకు కూడా ఇదే రూల్ అని చెప్పడానికి మన దగ్గరిదే ఒక కేసు. హైదరాబాద్‌లో పుట్టిన శాంతా బయోటెక్నిక్స్ తెలుసు కదా, 1990ల్లో తక్కువ ధరకు హెపటైటిస్-బి టీకా తెచ్చిన కంపెనీ. అందులో మెజారిటీ వాటా షాన్‌హెచ్ అనే ఫ్రెంచ్ కంపెనీ చేతిలో ఉండేది. 2009లో సనోఫీ అనే ఇంకో ఫ్రెంచ్ కంపెనీ ఆ షాన్‌హెచ్ షేర్లు కొన్నది. అమ్మినవాళ్లు ఫ్రాన్స్, కొన్నవాళ్లు ఫ్రాన్స్, ఆస్తి మాత్రం మన దగ్గర. మన ఆదాయపు పన్ను శాఖ పన్ను కట్టాలన్నది. 2013 ఫిబ్రవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏమన్నది? భారత్, ఫ్రాన్స్ మధ్య పన్ను ఒప్పందం ప్రకారం ఈ లాభం మీద పన్ను వేసే హక్కు ఫ్రాన్స్‌ది, కాబట్టి మన శాఖ వసూలు చేయలేదు అన్నది. కంపెనీ మంచిదా చెడ్డదా, లాభం ఎక్కువా తక్కువా అనే దాంతో తేల్చలేదు. పవర్ ఉందా లేదా, అంతే. తహసీల్దార్‌కి వేసిన ప్రశ్నే ఇంకో పెద్ద కేసులో కూడా వేశారు అనుకోండి.

ఇదే కాగితం, పోలీస్ స్టేషన్‌లో

మూడోది క్రిమినల్. ఊర్లో భూమి తగాదా వస్తే మొదట గుర్తొచ్చేది పోలీస్ స్టేషన్. "కేసు పెడితే దారికొస్తడు." ఇది రెండు వైపుల నుంచీ జరుగుతది.

ఒకటి, అమ్మినాయన పిల్లలు అదే భూమిని ఇంకొకరికి రిజిస్ట్రేషన్ చేస్తారు. మీరు ఫోర్జరీ కేసు పెట్టమంటారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2009లో మహమ్మద్ ఇబ్రహీం కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఒకడు తనది కాని భూమిని తనదే అని చెప్పి తన పేరుతోనే సంతకం పెట్టి అమ్మితే అది ఫోర్జరీ కాదు. ఫోర్జరీ అంటే వేరే మనిషి పేరుతో సంతకం చేయడం, కాగితం దిద్దడం లాంటివి. మోసపోయిన కొనుగోలుదారు చీటింగ్ కేసు పెట్టొచ్చు. అసలు యజమానికి మాత్రం సివిల్ కోర్టు దారి ఉంది.

రెండోది, మీ మీదే కేసు పెడతారు. "మా నాయన వేలిముద్ర దొంగది" అని. అప్పుడు ఎఫ్ఐఆర్ కొట్టేయమని హైకోర్టుకు పోవచ్చు. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ 482 స్థానంలో బీఎన్ఎస్ఎస్ 528 వచ్చింది. కానీ అక్కడ హైకోర్టు వేలిముద్ర ఎవరిదో తేల్చదు. ఫిర్యాదులో రాసినదంతా నిజమే అనుకున్నా నేరం అవుతుందా? ఉత్త సివిల్ తగాదాకు క్రిమినల్ రంగు పూశారా? ఇవి చూస్తది. 1990లో భజన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఏ రకం కేసులు కొట్టేయొచ్చో వరుసగా చెప్పింది. వేలిముద్ర అసలుదా కాదా అనేది విచారణలో తేలాలి. కాబట్టి "హైకోర్టుకు పోతే కేసు ఎగిరిపోద్ది" అని ఎవరన్నా గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

అరెస్ట్ భయం గురించి. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో వెంటనే అరెస్ట్ చేయడం మామూలు పద్ధతి కాదు, ముందు హాజరవ్వమని నోటీసు ఇవ్వాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. చీటింగ్ అంటే బీఎన్ఎస్ 318లో గరిష్ఠ శిక్ష ఏడేళ్లే, కాబట్టి ఈ రక్షణ ఉంది. విలువైన పత్రాల ఫోర్జరీ, అంటే 338 సెక్షన్ పెడితే శిక్ష ఏడేళ్లు దాటుతది, అప్పుడు ఈ రక్షణ ఉండదు. అందుకే ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్లు ఉన్నాయో ముందు చూడండి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశం ఉంది.

ఇంకోటి, గెట్టు ఎక్కడో, భూమి ఎవరిదో తేల్చే అధికారం పోలీసులకు లేదు. స్టేషన్‌లో కూర్చోబెట్టి "సగం సగం పంచుకోండి" అని కాగితం రాయిస్తే, పవర్ ఉందా అనే మొదటి ప్రశ్న అక్కడ కూడా వేయొచ్చు. సివిల్ తగాదాల్లో పోలీసులు తలదూర్చొద్దని హైకోర్టు రిట్లలో చెప్తూనే ఉంటది.

ఫోన్ చేతిలో ఉన్న మనం ఏం చేయాలి

మన అమ్మానాన్నలకు పొలం తెలుసు, మనకు ఫోన్ తెలుసు. రెండూ కలిస్తేనే పని.

మొదట, 2020లో దరఖాస్తు పెట్టారా అని ఇంట్లో అడగండి. మీసేవ రసీదు వెతకండి. తేదీ చూడండి. ఆరో సెక్షన్ ఆ గడువులో పెట్టినవాళ్లకే. పెట్టని వాళ్లు లాయర్‌తో సివిల్ కోర్టు దారి గురించి మాట్లాడాలి.

తర్వాత, అనుభవంలో ఉన్నామని చూపించే ఆధారాలు పోగేయండి. పాత పహాణీల సర్టిఫైడ్ కాపీలు, శిస్తు రసీదులు, పొలంలో బోరు మోటారు కరెంటు సర్వీసు కాగితాలు, పంట అమ్మిన రసీదులు. రికార్డులో ఊరు పేరు, సర్వే నంబర్ సబ్ డివిజన్ సరిగా ఉన్నాయా చూడండి. అయిటిపాముల భూమి ఇంకో రెవెన్యూ గ్రామం కింద వెతికితే దొరకదు.

సాక్షులు బతికి ఉంటే వాళ్లతో మాట్లాడండి. ఎవరు, అప్పుడు ఏం జరిగింది, డబ్బు ఎక్కడ ఇచ్చారు అని వివరంగా రాసిపెట్టుకోండి. మీ లాయర్‌కి ఇది చాలా పనికొస్తది.

అసలు కాగితాన్ని స్కాన్ చేయండి, కానీ లామినేషన్ చేయించొద్దు. రేపు వేలిముద్ర, సిరా పరీక్షకు పంపాల్సి రావచ్చు. దాని మీద కొత్తగా ఒక్క అక్షరం రాయొద్దు, చెరిగిన అంకె దిద్దొద్దు. కాగితం పోయిందని పాత స్టాంపు పేపర్ సంపాదించి మళ్లీ రాయించే పని అసలే వద్దు. స్టాంపు పేపర్ మీద నంబర్ ఉంటది, ఎప్పుడు అమ్మారో రికార్డు ఉంటది. నిజంగా కొన్న భూమికి దొంగ కాగితం పెడితే, సివిల్‌లో గెలవాల్సినవాళ్లు క్రిమినల్‌లో ముద్దాయిలవుతారు.

కేసు నడుస్తుంటే ఈ-కోర్ట్స్ యాప్ పెట్టుకోండి. ప్రతి కేసుకు సీఎన్ఆర్ అని 16 అక్షరాల నంబర్ ఉంటది. అది కొడితే తర్వాతి వాయిదా, ఆర్డర్లు కనబడతాయి. హైకోర్టు కేసులు తెలంగాణ హైకోర్టు వెబ్‌సైట్‌లో చూడొచ్చు. "వాయిదా పడింది, పైసలు పంపు" అని ఎవరన్నా ఫోన్ చేస్తే, ముందు ఆ నంబర్ కొట్టి చూడండి.

లాయర్ ఫీజు భారం అయితే 15100కి ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయ సహాయం నంబర్. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ దొరుకుతారు. భూమి అమ్మ పేరు మీద కొన్నదైతే అమ్మే అర్హురాలు. నల్గొండలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది.

లాస్ట్‌గా ఒక్క మాట. ఆరో సెక్షన్ కింద విచారణకు ఆర్డీవో ఆఫీసు నుంచి నోటీసు వస్తే, తేదీ చూసుకుని ఆ రోజు ఖచ్చితంగా పోండి. హైదరాబాద్‌లో ఉద్యోగం ఉంటే లీవ్ పెట్టండి. ఐదేళ్లు స్టేలో ఆగిన ఫైలు, మనం పోలేదని మళ్లీ ఆగొద్దు. మీ నాయన ఒక్కడే ఆ కాగితం పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడకుండా చూడండి.

డౌట్లు ఉంటే అడగండి, కానీ మీ సర్వే నంబర్, ఆధార్ నంబర్ కామెంట్లలో పెట్టకండి. ఈ ఎపిసోడ్ ఊర్లో ఉన్న మీ వాళ్లకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.